మా వైపు గుండెలు

టైలరమ్మ ఇంటికి కాలింగ్ బెల్ లేదు. ఉండాల్సిన చోట టేపు చుట్టిన రెండు తీగముక్కలు మాత్రం గోడలోంచి బయటికి చూస్తుంటాయి. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ టేపును కాసేపు నొక్కి నొక్కి, సంగతి అర్థమయ్యాక తలుపు తడతారు. ఆ తట్టడం కూడా చూసి తట్టాలి. గట్టిగా తడితే లోపలినుంచి ఆవిడ మొగుడు బ్యాండు మాస్టారు పరుగున వచ్చి, పెదవుల మీద వేలు పెట్టుకుని మరీ తలుపు తీస్తాడు. ఆ ఇంట్లో ఫోన్లు మోగవు, వణుకుతాయి. ప్రెషర్ కుక్కర్ ఈలలు వేస్తుందని దాన్ని ఎప్పుడో ఎవరికో ఇచ్చేశారు. ఇంత నిశ్శబ్దంలోనూ నిక్షేపంగా మోగే వస్తువు ఒక్కటే మిగిలింది. అది టైలరమ్మ నోరు.

ఈ ఏర్పాట్లన్నీ కొడుకు కోసం. వాడు రెండో తరగతిలో ఉన్నప్పుడు ఒకరోజు పొద్దున్న ఎంత లేపినా లేవలేదు. అప్పట్లో మాస్టారు బ్యాండులో ట్రంపెట్ వాయించేవాడు. సరదా మనిషి. మంచం పక్కన నిలబడి, పిల్లాడి చెవి దగ్గర ఒక్కసారి గట్టిగా ఊదాడు. వాడు ఉలిక్కిపడి లేచి కూర్చుని, నాన్న వైపు ఒక చూపు చూసి, కళ్ళు తేలేసి పడిపోయాడు. కింది వాటాలో ఉండే నర్సు వచ్చి గుండె నొక్కి నొక్కి బతికించింది. ఆ రోజు ట్రంపెట్ అటకెక్కింది. మళ్ళీ దిగలేదు. మాస్టారు బ్యాండు మానేసి, వాయిద్యాలు బాగుచేసే దుకాణంలో చేరాడు. ఊడిన మీటలు బిగిస్తాడు, సొట్టలు తీస్తాడు, అద్దంలా తుడుస్తాడు. ఊది చూడమంటే మాత్రం పక్కవాడికి అందిస్తాడు. అయినా జనం ఇంకా బ్యాండు మాస్టారనే అంటారు.

ఆసుపత్రిలో పెద్ద డాక్టరు చెప్పిన సంగతి ఇది. గుండె ఒకసారి కొట్టుకున్నాక మళ్ళీ కొట్టుకోవడానికి కాస్త తేరుకోవాలి. ఈ పిల్లాడి గుండె అందరికంటే నిదానంగా తేరుకుంటుంది. సరిగ్గా ఆ సందులో పెద్ద చప్పుడేదైనా అయి ఉలిక్కిపడితే లయ తప్పుతుంది. రోజూ ఒక మాత్ర వేసుకుంటూ, చప్పుళ్ళకి దూరంగా ఉంటే చక్కగా బతుకుతాడు. ఇది చాలామందికి తల్లి వైపు నుంచో తండ్రి వైపు నుంచో వస్తుంది. మీ ఇళ్ళలో ఎవరికైనా ఇలా పడిపోయే అలవాటుందా అని అడిగాడాయన.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, మాస్టారు వెంటనే చెయ్యెత్తాడు. వాళ్ళ బాబాయి ఒకాయన మంగలి కుర్చీలో గడ్డం తెగి, రక్తం చూసి పడిపోయాడట, అదీ రెండుసార్లు. టైలరమ్మకి అంతకన్నా ఏం కావాలి? ఆ క్షణాన తీర్పు రాసేసింది. ఇద్దరి గుండెలకీ ఈసీజీ పట్టీలు తీస్తే రెండూ మామూలుగానే ఉన్నాయన్న మాట ఆవిడ చెవికెక్కలేదు.

అప్పటినుంచి ఇరవై ఏళ్ళుగా ఆవిడది ఒకటే పాట. మీ రక్తం, మీ బాకా, రెండూ కలిసి నా బిడ్డని ఇలా చేశాయి. మావాళ్ళని చూడండి. మా నాన్న రాత్రి భోంచేసి పడుకుని, తెల్లారేసరికి పువ్వు రాలినట్టు రాలిపోయాడు. మా మేనత్త ఫోనెత్తబోతూ కుర్చీలోనే ఒరిగిపోయింది. ఒకరి చేత చేయించుకున్నవాళ్ళు కాదు, ఒకరిని ఏడిపించినవాళ్ళు కాదు. అనాయాస మరణం అంటే ఊరికే వస్తుందా? మా వైపు గుండెలు అలాంటివి. కొట్టుకున్నన్నాళ్ళు ఇనుములా కొట్టుకుంటాయి, ఆగాల్సిననాడు ఆగుతాయి.

మాస్టారు ఈ మాటలకి ఎప్పుడూ ఎదురు చెప్పలేదు. తల వంచుకుని వినేవాడు. కొడుకును రోజూ బడికి తనే తీసుకెళ్ళి, తనే తీసుకొచ్చేవాడు. పొద్దున్నే వాణ్ణి లేపే పని కూడా ఎవరికీ ఇవ్వలేదు. కర్టెన్ కొద్దికొద్దిగా జరిపి గదిలోకి వెలుగు రానిచ్చి, అరికాలి మీద అరచెయ్యి ఆనించి ఊరికే కూర్చునేవాడు. వాడంతట వాడే కళ్ళు తెరిచేవాడు. వాడిప్పుడు లైబ్రరీలో ఉద్యోగం చేస్తున్న పెద్దవాడు. అయినా ఇంట్లో ఉన్నరోజున నాన్న చెయ్యే లేపాలి.

అన్నింటికంటే దారుణం మాస్టారి తల్లి విషయం. చివరి రోజుల్లో ఆవిడ ఈ ఇంట్లోనే ఉంది. కోడలు పెట్టే పోరు వినీ వినీ, తన కడుపులోంచి వచ్చిన విషమే మనవడికి చేరిందని గట్టిగా నమ్మేసింది. ఒక సాయంత్రం కోడలి చెయ్యి పట్టుకుని, నా వల్లే తల్లీ, నన్ను క్షమించు అని ఏడ్చింది. అప్పుడు టైలరమ్మ ఎంతో పెద్దమనసు చేసుకుని, "పోనీలెండి అత్తయ్యా, క్షమించాను" అంది. ఆ మాట తర్వాత పదిమందికీ చెప్పుకుంది కూడా. ముసలావిడ ఆ క్షమాభిక్ష పట్టుకుని వెళ్ళిపోయింది.

ఇలా ఉండగా ఆసుపత్రికి కొత్త డాక్టరు వచ్చాడు. ఇప్పుడు ఈ జబ్బుకి జన్యువుల పరీక్ష ఉందన్నాడు. కొడుకు రక్తం పంపితే ఏ జన్యువులో మార్పుందో దొరికింది. అది ఎవరి వైపు నుంచి వచ్చిందో తెలిస్తే ఆ వైపు చుట్టాలందరినీ కాపాడవచ్చు, తల్లిదండ్రులిద్దరూ రక్తం ఇవ్వండి అన్నారు. మాస్టారు నవ్వేశాడు. తెలిసిన దొంగకి వేలిముద్రలెందుకండీ అని చెయ్యి కూడా చాపలేదు. టైలరమ్మ మాత్రం తనంతట తాను ముందుకొచ్చి జబ్బ చూపించింది. మావైపు కడిగిన ముత్యం అని కాగితం మీద కూడా ఉండాలని ఆవిడ ముచ్చట.

ఫలితం వచ్చిందని పిలిస్తే ఒక్కతే వెళ్ళింది. తను కుట్టుకున్న నీలం కోటు వేసుకుని, లిప్‌స్టిక్ కూడా దిద్దుకుంది. చిన్న గది, రెండు కుర్చీలు, గోడ మీద గుండె బొమ్మ. కౌన్సెలర్ అమ్మాయి ముందుగా టిష్యూల డబ్బాను ఇటు జరిపింది. ఇదెవరికో పాపం అనుకుంది టైలరమ్మ.

"మీలో కూడా అదే మార్పు ఉందండీ. అబ్బాయికి మీ నుంచే వచ్చింది," అంది కౌన్సెలర్.

ఎవరి రక్తమో కలిసిపోయి ఉంటుందని టైలరమ్మ వాదించింది. రెండుసార్లు చూశామంది ఆ అమ్మాయి. నా గుండె పట్టీ బాగుందని అప్పుడే చెప్పారుగా అంది. కొందరికి పట్టీ మామూలుగానే వస్తుంది, జబ్బు జీవితమంతా కనబడకుండా ఉంటుంది, కానీ పిల్లలకి వెళ్ళేది వెళుతుంది, ఒక్కొక్కరికీ సగానికి సగం అవకాశం అని ఓపిగ్గా చెప్పింది. ఒక ప్రోటీన్ తయారీకి ఉన్న సూచనల్లో ఒక్క అక్షరం తేడా అట. ఆ మాట టైలరమ్మకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. కాగితం ప్యాటర్న్‌లో చంక దగ్గర గీత ఒక్క నూలుపోగంత తప్పితే, దాంతో కత్తిరించిన ప్రతి చొక్కా అక్కడే పట్టేస్తుంది. గుడ్డది తప్పు కాదు, కుట్టినవాడిదీ కాదు. ప్యాటర్న్ ఎక్కడినుంచి వచ్చిందన్నదే ప్రశ్న.

ఆ అమ్మాయి కూడా అదే అడిగింది. మీ నాన్నగారు ఎలా పోయారండీ?

టైలరమ్మ జీవితమంతా చెప్పిన జవాబే మొదలుపెట్టింది. "నిద్రలోనే పోయాడమ్మా, పుణ్యాత్ముడు. పొద్దున్నే అలారం మోగుతోంది. ఎంతకీ ఆపడం లేదేమిటా అని మా అమ్మ వెళ్ళి చూస్తే…"

అక్కడ ఆగిపోయింది. తన మాటలు తనకే మొదటిసారి వినిపించాయి. మేనత్త చేతికందని ఫోను కూడా గుర్తొచ్చింది. టిష్యూల డబ్బా ఎవరికో అప్పుడు తెలిసింది.

కౌన్సెలర్ తొందరపెట్టకుండా అసలు విషయానికి వచ్చింది. మీకు చెల్లెలు ఉందన్నారు కదా, ఆవిడకీ ఉండొచ్చు, ఆవిడ పిల్లలకీ ఉండొచ్చు. మేము వాళ్ళకి ఫోన్ చేసి చెప్పే పద్ధతి లేదు, మీరే చెప్పాలి, ఎంత త్వరగా అయితే అంత మంచిది. తెలిస్తే మాత్రతో పోయే ప్రమాదం ఇది. పిల్లలు ఏం చేస్తుంటారు?

"ఒక్కతే కూతురు. ఫైర్ స్టేషన్‌లో చేరింది," అంది టైలరమ్మ.

రాసుకుంటున్న అమ్మాయి చెయ్యి ఆగింది. అక్కడ నిద్రపోతున్నప్పుడు గంట కొట్టి లేపుతారు కదండీ అంది. ఈ రోజే చెప్పండి అంది.

ఆ పిల్లని అందరూ పిడుగు అంటారు. పుట్టినప్పటినుంచి పిల్ల కాదు, పిడుగే. నిచ్చెనలెక్కడం, గోడలు దూకడం, ఇప్పుడు మంటల్లోకి వెళ్ళడం. ఉద్యోగం వచ్చినరోజు టైలరమ్మ తన సొరుగులోంచి ఒక కానుక తీసి ఇచ్చింది. అది తన తండ్రి అలారం గడియారం. నెత్తిమీద రెండు గంటలు, మధ్యలో సుత్తి, మోగితే వీధి వీధంతా లేస్తుంది. మా ఇంట్లో దీనికి బతుకు లేదే, నీకైతే సరిపోతుంది, మా వైపు గుండెలకి ఈమాత్రం మోత ఉండాలి అని అందరి ముందూ అంది. మాస్టారు ఆ మూల నిలబడి చప్పట్లు కొట్టాడు, చప్పుడు రాకుండా.

ఆసుపత్రినుంచి ఇంటికి వెళ్ళిన టైలరమ్మ ఆ రోజే చెప్పలేదు. మర్నాడూ చెప్పలేదు. నోట్లో నువ్వుగింజ నానని మనిషి తేలు కుట్టిన దొంగలా ఉండిపోయింది. చెల్లెలికి ఫోన్ చేసి, కర్టెన్లకి ఏ రంగు గుడ్డ కావాలో అడిగి పెట్టేసింది. సగానికి సగం అవకాశం అంటే చెల్లెలికి రాకపోనూవచ్చు కదా అనుకుంది. పిడుగు అన్ని పరీక్షలూ నెగ్గాకే ఉద్యోగంలో చేరింది కదా అనుకుంది. కానీ ఆవిడకి లోపల తెలుసు. చెల్లెలికి చెబితే మొగుడికి తెలుస్తుంది. మొగుడికి తెలిస్తే ఇరవై ఏళ్ళు తిరగబడతాయి. అటక మీది ట్రంపెట్టూ, ముసలావిడ కన్నీళ్ళూ, తను పారేసిన క్షమాభిక్షా, అన్నీ లేచి వచ్చి తన ముందు కూర్చుంటాయి. వాటిని చూడలేక, ఒక పిల్ల ప్రాణాన్ని రేపటికి, ఎల్లుండికి వాయిదా వేసింది. చేస్తున్నది ఎంత తప్పో తెలిసే చేసింది. గుడ్డ కత్తిరిస్తుంటే కత్తెర పక్కకి పోయి ఒక ఖాతాదారు ప్యాంటు మోకాలి దగ్గర తెగింది.

ఆ రోజుల్లో మాస్టారికి మాత్రం అర్థం కాని యోగం పట్టింది. పొద్దున్నే టీ మంచం దగ్గరికే వచ్చింది. చొక్కాలకి ఊడిన బొత్తాలన్నీ కుట్టేసి ఉన్నాయి. కూర బాగుందా అని అడిగింది పెళ్ళాం. రెండోరోజు ఆయన ఆవిడ నుదుటి మీద చెయ్యి వేసి జ్వరమేమో అని చూశాడు. మూడోరోజు, ఏదైనా పెద్ద రోగం వచ్చి నా దగ్గర దాస్తున్నావా అని అడిగాడు. ఆవిడ ఒక్క క్షణం నోరు తెరిచింది. మీకు అనుమానాలెక్కువ అని మూసేసింది. ఆయన నమ్మలేదు గానీ, అడగడం ఆయనకి అలవాటు లేదు.

అలా వారం దాటింది. ఒకరోజు మధ్యాహ్నం చెల్లెలి ఫోన్ వచ్చింది. చెల్లెలు బస్సు నడుపుతుంది. మధ్యలో భోజనానికి ఆపినప్పుడు ఫోన్ చేయడం ఆమె అలవాటు. గొంతులో నవ్వు పొర్లుతోంది.

"మన పిడుగు ఏం చేసిందో తెలుసా అక్కా? నిన్న రాత్రి స్టేషన్‌లో గంట మోగగానే మంచం మీంచి లేచి, రెండడుగులేసి బోర్లా పడిందట. నుదుటికి కుట్లు కూడా పడ్డాయి. మంటలదాకా వెళ్ళకముందే పడ్డావని అందరూ ఒకటే ఏడిపించడం. నిద్రమత్తు, ఇంకేముంది. ఇంటికొచ్చి పడుకుంది. సాయంత్రం మళ్ళీ డ్యూటీ. నాలుగింటికి నాన్న గడియారం పెట్టుకుంది. భలే మోగుతుందిలే అది."

టైలరమ్మ నోరు పెగల్చుకునేలోపు, బండి తీయాలక్కా అని చెల్లెలు పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తదు. బస్సు దిగేదాకా ఆమె ఫోన్ ఆపేసి ఉంటుంది.

పిడుగుకి చేద్దామని నంబరు తీసింది. నొక్కబోయిన వేలు గాల్లోనే ఆగింది. ఫోన్ మోగుతుంది. పడుకున్న పిల్ల చెవి పక్కన మోగుతుంది. మేనత్తకి మోగినట్టు. టైలరమ్మ ఫోన్‌ను పామును వదిలినట్టు బల్ల మీద వదిలేసి, వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే కుట్టుమిషను సొరుగు లాగి, అందులో ఎప్పుడూ ఉండే చెల్లెలి ఇంటి తాళం తీసుకుంది.

తాళం ఉంది. వెళ్ళగలదు. తలుపూ తీయగలదు. ఆ తర్వాత? నిద్రపోయేవాళ్ళని లేపడం ఆవిడకి చేతకాదు. ఆవిడ లేపడమంటే కేకే. చెప్పుల చప్పుడు, తలుపు చప్పుడు, గొంతు చప్పుడు. చప్పుడు లేకుండా మనిషిని నిద్రలోంచి తీసుకురావడం ఈ ఊళ్ళో ఆవిడకి తెలిసి ఒక్కడికే వచ్చు.

దుకాణంలో మాస్టారు ఒక పాత ట్రంపెట్ మీటలకి నూనె పోస్తున్నాడు. పెళ్ళాం మొహం చూడగానే గుడ్డతో చేతులు తుడుచుకుని లేచాడు.

"పిడుగుని లేపాలి. మెల్లగా. మీరే లేపాలి," అంది.

ఎందుకని అడగకుండా ఆయన ఏప్రన్ విప్పి మేకుకి తగిలించాడు.

మరో రూటు బస్సులో కిటికీ పక్కన ఆవిడ, ఇటు పక్కన ఆయన. రెండు స్టాపులు దాటేదాకా ఆవిడకి మాట రాలేదు. ఇంతకాలం ఎంత తేలిగ్గా వచ్చేవి మాటలు. చివరికి కిటికీలోకి చూస్తూనే చెప్పింది.

"అబ్బాయి జబ్బు మీ వైపుది కాదండీ. నాది. నా రక్తంలో దొరికింది. మా నాన్నది. పిడుగుకి కూడా ఉన్నట్టుంది. నిన్న గంటకి పడిపోయింది."

మాస్టారు ముందు అడిగింది పిడుగు గురించే. ఫోన్ చేశావా అన్నాడు. చేయలేదు, మోగుతుందని అంది. మంచిపని చేశావన్నాడు. ఆ తర్వాత అడిగాడు.

"నీకెప్పుడు తెలిసింది?"

"వారం దాటింది."

ఆయన లేచాడు. కదులుతున్న బస్సులో కడ్డీలు పట్టుకుంటూ ముందుకి వెళ్ళి, డ్రైవరు వెనక ఖాళీగా ఉన్న సీట్లో ఒక్కడే కూర్చున్నాడు. టైలరమ్మకి ఆయన వెనకతల కనబడుతోంది. ఆ జుట్టు నెలనెలా తనే కత్తిరిస్తుంది. కత్తిరిస్తున్నంతసేపూ ఆ తల కదిలే వీలుండదు కాబట్టి, మీ రక్తం మీ బాకా అని దులిపేది. ఒక్కసారి కూడా ఆ మెడ ఇటు తిరగలేదు. గురివింద గింజకి తన నలుపు తెలియదంటారు. తెలిశాక ఆ గింజ ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. తిట్టినా బాగుండేదని ఆవిడ అనుకుంది. అందరూ చూస్తుండగా ఒక చెంపదెబ్బ కొట్టినా ఇంతకన్నా నయమే అనుకుంది.

దిగాల్సిన చోటు దగ్గరపడుతుండగా ఆయన లేచి వెనక్కి వచ్చాడు. కూర్చోలేదు. పైకడ్డీ పట్టుకుని నిలబడి, ఆవిడ మొహంలోకి చూడకుండా అడిగాడు.

"మరి మా అమ్మకి ఎవరు చెబుతారు?"

బస్సు ఆగింది.

"పిడుగు గది కిటికీ ఎటువైపు?" అన్నాడు.

చెల్లెలిది మూడో అంతస్తు. మెట్లెక్కే ముందు మాస్టారు బూట్లు విప్పి చేత్తో పట్టుకున్నాడు. చూసి ఆవిడా విప్పింది. తలుపు దగ్గర బెల్లు ఎర్రగా మెరుస్తోంది. దాని మీద పడకుండా ఆవిడ పక్కకి ఒదిగి, తాళం తీసి, గుత్తి గలగలమనకుండా గుప్పిట్లో బిగించింది. లోపల ఫ్రిజ్ చిన్నగా ఝుమ్మంటోంది. పిడుగు గది తలుపు ఓరగా తెరిచి ఉంది. అక్కడినుంచి టిక్కు టిక్కుమని తండ్రి గడియారం చప్పుడు వినబడింది. చిన్నప్పుడు పక్కగదిలోంచి వినబడిన చప్పుడే. టైలరమ్మ కాళ్ళు గుమ్మం దగ్గరే ఆగిపోయాయి. నేను వెళ్ళనని తలాడించింది.

మాస్టారు బూట్లు అక్కడే పెట్టి వెళ్ళాడు. పిల్ల గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నుదుటి మీద తెల్లటి పట్టీ. దుప్పటి పైకీ కిందికీ కదులుతోందా లేదా అని గుమ్మంలోంచి టైలరమ్మ ఊపిరి బిగబట్టి చూసింది. కదులుతోంది. ఆయన మొదట గడియారం దగ్గరికి వెళ్ళాడు. ముల్లు నాలుగుకి ఇంకా కొంచెం దూరంలో ఉంది. రెండు గంటల మధ్య ఉన్న సుత్తిని రెండు వేళ్ళతో పట్టుకుని, రెండో చేత్తో వెనక మీట నొక్కాడు. పట్టుకున్న సుత్తిని చాలాసేపు వదల్లేదు. తర్వాత గడియారాన్ని ఒక చేత్తో పట్టుకునే కిటికీ దగ్గరికి వెళ్ళి కర్టెన్ బెత్తెడు జరిపాడు. ఆగాడు. ఇంకో బెత్తెడు జరిపాడు. వెలుగు నేల మీదినుంచి మంచం కోడు దాకా, అక్కడినుంచి దుప్పటి మీదికీ వచ్చింది. అప్పుడాయన మంచం చివర కూర్చుని, దుప్పటి బయటికి వచ్చిన అరికాలికి తన అరచెయ్యి ఆనించి ఊరుకున్నాడు.

ఈ పని ఆయన తన తప్పనుకుని నేర్చుకున్నది. తన తప్పు కాని తప్పుకి ఇరవై ఏళ్ళు రోజూ పొద్దున్నే చెల్లించుకున్నది. దాంతో ఇప్పుడు ఆవిడ పుట్టింటి పిల్లని కాపాడుతున్నాడు. టైలరమ్మ కొంగు నోట్లో కుక్కుకుని గుమ్మంలో కూలబడిపోయింది.

పిడుగు మెల్లగా అటూ ఇటూ మెసిలి, ఒత్తిగిలి కళ్ళు తెరిచింది. "పెదనాన్నా? మీరేంటి ఇక్కడ?" అంది నిద్రగొంతుతో. తర్వాత గుమ్మం దగ్గర నేల మీద కూర్చున్న పెద్దమ్మని చూసి కంగారుగా లేవబోయింది. మాస్టారు భుజం మీద చెయ్యి వేసి, మెల్లగా, తొందరేం లేదు, అందరూ బాగానే ఉన్నారు అన్నాడు. నువ్వు ఇవాళ డ్యూటీకి వెళ్ళడం లేదు, మాతో ఆసుపత్రికి వస్తున్నావు, మీ అన్నయ్యని చూసే డాక్టరే నిన్నూ చూస్తాడు అన్నాడు. అంతవరకే చెప్పి ఆపాడు. మిగతాది తన వంతు కాదన్నట్టు కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. చేతిలో గడియారం అలాగే ఉంది.

పిడుగు నుదుటి పట్టీని తడుముకుంటూ పెద్దమ్మని అడిగింది.

"అన్నయ్య జబ్బు నాకెందుకొస్తుంది? అది పెదనాన్న వాళ్ళమ్మగారి నుంచి వచ్చింది కదా? నువ్వే చెప్పేదానివిగా."

ఈ పిల్లకి కూడా చెప్పింది. ఎవరికి చెప్పలేదు గనక. టైలరమ్మ గుమ్మం పట్టుకుని లేచింది.

"కాదే. మా నాన్న నుంచి. మీ తాతయ్య నుంచి నాకూ, మీ అమ్మకీ, నీకూ. ఆయన పువ్వులా రాలిపోలేదు. ఆ గడియారం మోగి పోయాడు. నేను దాన్ని తీసుకొచ్చి నీ తలగడ పక్కన పెట్టాను. తెలిసి వారం ఊరుకున్నాను. అత్తయ్య వల్ల ఎవరికీ ఏమీ రాలేదు."

ఆఖరి మాట గొంతులో సగం నలిగిపోయింది. పిడుగుకి వినబడిందో లేదో. కిటికీ దగ్గర మాస్టారి వీపు మాత్రం కదిలింది. ఇటు తిరగలేదు.

"ఆ చివరిది ఇంకోసారి చెప్పు," అన్నాడు.

టైలరమ్మ కళ్ళు తుడుచుకుంది.

"అత్తయ్య వల్ల ఎవరికీ ఏమీ రాలేదు," అంది. "మా వైపు నుంచి వచ్చింది."